శాంతి కమిటీకి మినిట్స్ పుస్తకం ఉందా?

ఆదోనిలో నాదొక డీటీపీ షాపు. జిరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్ అన్నీ ఉన్నాయి గానీ అద్దె కట్టేది మాత్రం అర్జీలే. సోమవారం గ్రీవెన్స్ కాబట్టి శనివారం సాయంత్రం నుంచే జనం మొదలవుతారు. పింఛను ఆగిపోయిందని ఒకరు, పాస్‌బుక్కులో సర్వే నంబరు తప్పు పడిందని ఒకరు, పక్కింటివాడు గోడ ముందుకు జరిపాడని ఒకరు. వాళ్ళు చెప్తుంటే నేను "దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి కొట్టుకుంటూ పోతాను. తెలుగుకి అనూ ఫాంట్లు, ఉర్దూకి ఇన్‌పేజ్, కన్నడకి నుడి. మూడూ ఒకే కంప్యూటర్లో ఉన్నాయి కాబట్టి మూడు భాషల వాళ్ళూ వస్తారు. కన్నడ, ఉర్దూ నేను గుక్క తిప్పుకోకుండా కొట్టలేను, మా తమ్ముడి కొడుకు కొడతాడు.

ఊళ్ళో తక్కువమందిగా ఉన్నవాళ్ళకి ఏం కావాలో నాకు ఆ కీబోర్డు మీదే తెలిసింది. ఖబరస్తాన్‌కి పోయే దారిలో ఎవరో కంచె వేశారు. కన్నడ బడికి టీచరు లేడు. చర్చివాళ్ళ సమాధుల స్థలానికి కొలతలు తీయాలి. తండాలో చిన్నపిల్లలకి అంగన్‌వాడీలో చెప్పే మాట అర్థం కావట్లేదు, తమ మాట తెలిసిన మనిషిని పెట్టండి. ఇవన్నీ నా హార్డ్‌డిస్కులో ఉన్నాయి. ఇదే మనుషులు పండగల ముందు పోలీసులు పెట్టే శాంతి కమిటీ మీటింగుకి కూడా వస్తారు. అక్కడ మాత్రం వీటిల్లో ఒక్కటీ వినబడదు.

వినాయక చవితి, మిలాద్, మొహర్రం, బక్రీద్, శ్రీరామనవమి, హనుమజ్జయంతి. వీటిల్లో ఏది దగ్గర పడినా కానిస్టేబుల్ ఫోను చేస్తాడు. "అన్నా, రేపు పదకొండుకి మీటింగు. పెద్దోళ్ళకి చెప్పు, నువ్వూ రా." నన్ను పిలిచేది పెద్దమనిషిననుకొని కాదులెండి. హాజరు పట్టీ, మండపాల లిస్టు, ఊరేగింపు రూటు ప్రింటు తీసిచ్చేది నేను. వెనక వరసలో కూర్చుంటాను. ఏ ఊరు, ఏ స్టేషను అన్నది రాయను. మా డివిజన్‌లో ఎక్కడైనా దాదాపు ఇంతే.

ముందు వరసలో మాజీ కౌన్సిలర్లు, మసీదు కమిటీవాళ్ళు, గణేశ్ ఉత్సవ సమితివాళ్ళు, ఒక పాస్టరు. మైకు ఒకసారి కీచుమంటుంది. పొద్దున మీటింగైతే ఉగ్గాని, బజ్జీ. సాయంత్రమైతే టీ, సమోసా. మొదట మాట్లాడే పెద్దమనిషి ఎవరైనా సరే మంత్రాలయం కథతోనే మొదలుపెడతాడు. ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామాన్ని, అంటే ఇప్పటి మంత్రాలయాన్ని, ఇచ్చిన కథ. మా ప్రాంతంలో పుట్టినవాళ్ళకి ఇది ఉగ్గుపాలతో పోసిన కథే, నాకూ ఇష్టమే. చప్పట్లు పడతాయి. తర్వాత అధికారి కండిషన్లు చదువుతాడు. మండపానికి పర్మిషన్, కరెంటు కనెక్షన్, రాత్రిపూట కాపలాకి మనుషులు, డీజే వద్దు, నమాజు వేళకి మసీదు ముందు మేళం ఆపాలి, ఊరేగింపు ఎన్ని గంటలకి ఎక్కడుండాలి. "ఎవరికైనా డౌట్లుంటే అడగండి" అంటాడు.

ఒకసారి బోర్డరు పల్లె నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన లేచాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాల, మెడలో లింగం కాయ. ఇంట్లో కన్నడం, బయట తెలుగు.

"సార్, మా ఊరి కన్నడ బడిలో అయ్యవారు రిటైరై పోయినాడు. ఇంకొకరు రాలా. పిల్లోళ్ళు తెలుగు బడికి పోలేక పత్తి చేన్లకి పోతాండారు."

"పెద్దాయనా, అది ఎడ్యుకేషన్ వాళ్ళ సబ్జెక్టు. ఇది పండగ మీటింగు కదా. మీ ఊళ్ళో మండపాలెన్ని?"

"రెండు సార్."

"ఇబ్బందులేమన్నా ఉన్నాయా?"

"లేవు సార్."

"మంచిది. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. ఆ అధికారి కసురుకోలేదు, మర్యాదగానే చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే, టీచరుని వేసే అధికారం ఆయన చేతిలో లేదు. పక్కన కూర్చున్న నా దగ్గర హాజరు పట్టీ ఉంది. అందులో పెద్దాయన వేలిముద్ర ఉంది, మాట లేదు. మీటింగు ముగిశాక ఆ పట్టీ ఫైల్లోకి పోయింది. "అందరూ సహకరిస్తామన్నారు" అని ఒక ముక్క రాశారు.

శాంతి కమిటీని వెక్కిరించడానికి ఇదంతా రాయట్లేదు. దాని అవసరం ఎంతో పంచాంగం చూస్తే చాలు. 2023, 2024, 2025 మూడేళ్ళూ మిలాద్ వచ్చి వినాయక నిమజ్జనం జరిగే అనంత చతుర్దశి మీదనో దాని ముందురోజో పడింది. తెలుగు భాద్రపదం, అరబ్బీ రబీ ఉల్ అవ్వల్ ఒకే నెలవంకకి మొదలైతే అట్లా పడక తప్పదు. ముస్లిం సంవత్సరం దాదాపు 354 రోజులది, ఏటా 11 రోజులు ముందుకి జరుగుతుంది. తెలుగు లెక్కలో అధికమాసం వచ్చినప్పుడు పండగలు వెనక్కి పోతాయి. అందుకని రెండు పండగలు ఒక రెండు మూడేళ్ళు చేయిపట్టుకొని నడిచి, మళ్ళీ విడిపోతాయి. 2015 నుంచి 2017 దాకా దసరా, మొహర్రం ఇట్లాగే వచ్చాయి, ఒకటి రెండు రోజుల తేడాతో. 2023లో అయితే సెప్టెంబరు 28న రెండూ ఒకే రోజు. హైదరాబాదులో మిలాద్ జులూస్‌ని అక్టోబరు 1కి మార్చుకున్నారు. పెద్దలు కూర్చొని మాట్లాడుకోబట్టే అది జరిగింది. మాట్లాడుకోనప్పుడు ఏమవుతుందో కూడా మాకు తెలుసు. 2022 ఏప్రిల్‌లో హనుమజ్జయంతి ఊరేగింపు రోజు మా పక్కన హొళగుందలో రాళ్ళు పడ్డాయి. ఆ వారమంతా మా షాపుకి హొళగుంద నుంచి రావాల్సినవాళ్ళు రాలేదు.

కాబట్టి కమిటీ ఉండాలి. నా పేచీ ఏంటంటే, మా దగ్గర అన్ని మతాలవాళ్ళూ అన్ని భాషలవాళ్ళూ ఒకే గదిలో కూర్చునే చోటు అదొక్కటే. ఆ ఒక్కచోటా డీజే తప్ప ఇంకేదీ మాట్లాడకూడదు.

మిగతా చోట్లు లేవా అంటే, కాగితం మీద బోలెడున్నాయి. జాతీయ మైనారిటీ కమిషన్ 1992 చట్టం కింద వచ్చింది, రాష్ట్రానికి 1998 చట్టంతో మన కమిషన్ ఉంది. ఇవి మతం లెక్కన మైనారిటీలకి. భాష లెక్కన మైనారిటీలకి వేరే కమిషనరు. తండాలవాళ్ళకి గిరిజన సలహా మండలి, అందులో 20 మందికి మించకుండా సభ్యులు, వాళ్ళలో ముప్పాతిక మంది ఎస్టీ ఎమ్మెల్యేలు ఉండాలని రాజ్యాంగం ఐదో షెడ్యూలు చెప్తుంది. మైనారిటీల కోసం పెట్టిన ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమం 2006లో కొత్త రూపంలో వచ్చింది, దానికి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ. ఢిల్లీలో జాతీయ సమైక్యతా మండలి అని 1961లో నెహ్రూ కాలంలో పెట్టారు. ముఖ్యమంత్రులు, పార్టీల నాయకులు, పెద్ద పెద్ద పేర్లన్నీ అందులో ఉంటాయి. చివరిగా 2013 సెప్టెంబరులో కూర్చుంది.

అన్నీ వేర్వేరు గదులు. ఒక గదిలో మాట ఇంకో గదికి పోదు. ఖబరస్తాన్ దారి అడిగే సాయిబు, బడి అడిగే లింగాయతు, సమాధుల స్థలం అడిగే క్రైస్తవుడు ముగ్గురూ నా షాపులో ఒకే బెంచీ మీద కూర్చొని వంతు కోసం చూస్తుంటారు. ముగ్గురి అర్జీలూ మూడు కవర్లలో మూడు ఆఫీసులకి పోతాయి.

మా ప్రాంతంలో ఈ కన్నడ సంగతి బయటివాళ్ళకి అంతగా తెలీదు. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి పోయింది. మా జేజినాయన దూది ఏకడానికి ఆ పల్లెలన్నీ తిరిగినవాడు. పొద్దున ఒక జిల్లాలో బయల్దేరి సాయంత్రానికి వేరే రాష్ట్రం నుంచి తిరిగొచ్చినట్టయిందని నవ్వేవాడంట. గీత అటు పడ్డచోట తెలుగువాళ్ళు మైనారిటీ అయ్యారు, ఇటు పడ్డచోట కన్నడంవాళ్ళు మైనారిటీ అయ్యారు. ఇళ్ళు, చేన్లు, దేవుళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. బళ్ళారిలో తెలుగు బడి మూతపడితే మనకెంత కడుపు మండుతుందో, ఇటు హాలహర్విలో కన్నడ బడి మూతపడితే వాళ్ళకీ అంతే. మన తెలుగు అభిమానులు మొదటిది మాత్రమే వాట్సాప్‌లో పంపుతారు.

గీతలు గీసినవాళ్ళకి ఈ చిక్కు తెలియక కాదు. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో నివేదిక ఇస్తూ భాషా మైనారిటీలకి రక్షణలు ఉండాలని ప్రత్యేకంగా రాసింది. 1956లో ఏడో సవరణతో 350ఎ, 350బి అధికరణలు వచ్చాయి. ఒకటి పిల్లలకి ప్రాథమిక చదువు తల్లిభాషలో ఉండేట్టు చూడమంటుంది. రెండోది దానికోసం ఒక ప్రత్యేక అధికారిని పెట్టమంటుంది. 1957లో ఆ ఆఫీసు మొదలైంది. ఏటా నివేదిక రాష్ట్రపతికి పోతుంది, పార్లమెంటు ముందు పెడతారు. ఆయన సిఫారసు చేయగలడు, అంతే. ఇంకా ముందే, 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చొని ఒక లెక్క ఒప్పుకున్నారు. బడి మొత్తంలో 40 మందో, ఒక తరగతిలో 10 మందో ఆ భాష పిల్లలుంటే ఆ భాష చెప్పే టీచరుని ఇవ్వాలని. ఆ పెద్దాయన అడిగింది కొత్త కోరిక కాదు. ఆయన పుట్టేనాటికే ఒప్పుకున్న లెక్క.

అన్నిటికన్నా నాకు పనికొచ్చేది వీటికి ముందున్న 350. దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సరే ఫిర్యాదు ఇచ్చుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందని చెప్తుంది. అర్జీలు కొట్టి బతికేవాడికి ఇంతకన్నా కావాల్సిందేముంది! ఒక చాచా ఉర్దూలో కొట్టించుకొని పోతే "తెలుగులో రాయించుకొని రా" అని కౌంటర్లో తిప్పి పంపారు. 2022లో ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు, ఆ సంగతి కౌంటరు దాకా చేరలేదు. ఇప్పుడు నేను ఉర్దూ, కన్నడ అర్జీల కింద 350 అధికరణ అని ఒక వాక్యం కలుపుతున్నాను. అది చూస్తే తీసుకుంటున్నారు. చదువుతారో లేదో వేరే సంగతి.

కమిటీలో "ముస్లిం పెద్దలు" అని ఒక కాలమ్ ఉంటుంది. ఆ కాలమ్‌లో మా దూదేకులవాళ్ళ పేరు ఎప్పుడూ చూడలేదు. మేము ఇంట్లో తెలుగే మాట్లాడతాం. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య మావాడే అని చెప్పుకొని మురిసిపోతాం. పీర్ల పండక్కి గుండం చుట్టూ తిరుగుతాం. మసీదులో "ఉర్దూ కూడా రాదా" అంటారు, బడిలో "సాయిబుల పిల్లోడు" అంటారు. రిజర్వేషన్లో మేము బీసీ-బి. 2007లో ఇచ్చిన బీసీ-ఇ వేరే ముస్లిం కులాలకి. ప్రభుత్వం లెక్కలో మేము వేరని సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసుకి తెలుసు, మీటింగుకి పిలిచే ఆఫీసుకి తెలీదు. ఆడవాళ్ళ సంగతైతే అడగనే అక్కర్లేదు. ఆ హాల్లో నేను చూసిన ఆడమనిషి టీ ఇచ్చే ఆమె, మహిళా పోలీసు.

క్రైస్తవుల తరఫున ఒక పాస్టరు వస్తాడు. ఆయన వెనకున్న జనంలో చాలామంది కాగితం మీద క్రైస్తవులు కారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ అంటే హిందువే అయుండాలి. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. అందుకని ఆదివారం చర్చికి పోయే మనిషి సోమవారం నా దగ్గర అప్లికేషన్లో మతం గడి దగ్గర ఆగి, "అన్నా, అది హిందూ అనే పెట్టు" అంటాడు. గొంతు తగ్గించి అంటాడు. అట్లాంటి మనిషి సమాధుల స్థలం కావాలని ఏ కమిటీలో, ఏ పేరుతో అడుగుతాడు?

మా షాపుకి పీహెచ్‌డీ వాళ్ళు కూడా వస్తారు, థీసిస్ టైపుకి. చదువు పెద్దగా అబ్బకపోయినా ఇతరుల థీసిస్‌లు కొడుతూ నేను నేర్చుకున్నది కాస్త ఉంది. అనంతపురంలో పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి మైనారిటీ హక్కుల మీద రాసినది నా దగ్గరే కొట్టించింది. అందులో బయటి దేశాల అధ్యాయం కొడుతుంటే చేతులు ఆగిపోయేవి. "అంకుల్, తొందరగా ఇవ్వండి, గైడు అరుస్తున్నాడు" అంటుంటే నేనేమో చదువుకుంటూ కూర్చున్నాను.

నార్వేలో సామీ అని ఒక జాతి ఉంది, ఉత్తరాన దుప్పుల్లాంటి రెయిన్‌డీర్లని మేపుకునేవాళ్ళు. 1970లలో ఆల్టా నది మీద డ్యామ్ కడతామన్నారు. మొదటి ప్లానులో ఒక సామీ పల్లె మొత్తం మునుగుతుంది. మన శ్రీశైలం ముంపు ఊళ్ళవాళ్ళకి వివరించి చెప్పనక్కర్లేదు. 1979లో సామీలు ఓస్లోలో పార్లమెంటు ముందు నిరాహారదీక్షకి కూర్చున్నారు. డ్యామ్ ఆగలేదు, కాస్త చిన్నదై కట్టేశారు. ఆ గొడవ ఊరికే పోలేదు. 1989లో సామీలకి వాళ్ళు ఓట్లేసి ఎన్నుకునే సొంత పార్లమెంటు వచ్చింది. చట్టాలు చేసే పార్లమెంటు కాదు, ఎక్కువగా సలహా ఇచ్చేదే. 2005లో ప్రభుత్వానికీ దానికీ ఒక ఒప్పందం కుదిరింది. సామీలకి సంబంధించిన ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ముందే కబురు చేయాలి, ఒప్పందానికి రావాలనే ఉద్దేశంతోనే కూర్చోవాలి, ప్రతి మీటింగుకీ రాతపూర్వకంగా రికార్డు ఉంచాలి. 2021లో అది చట్టంలోకే ఎక్కింది. ఆ రికార్డు అన్న మాట దగ్గర నాకు మా హాజరు పట్టీ గుర్తొచ్చింది.

అదే అధ్యాయంలో కజకిస్తాన్ కూడా ఉంది. అక్కడ వందకి పైగా జాతులవాళ్ళున్నారు. 1995లో అప్పటి దేశాధ్యక్షుడు నజర్బాయెవ్ వాళ్ళందరికీ కలిపి ఒక అసెంబ్లీ పెట్టాడు, దానికి అధ్యక్షుడు దేశాధ్యక్షుడే. 2007లో పార్లమెంటు దిగువ సభలో ఆ అసెంబ్లీకి 9 సీట్లు ఇచ్చారు, 2022లో తీసేశారు. సీట్లు పైనుంచి వచ్చాయి, పైనుంచే పోయాయి. అన్ని జాతుల్నీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టడం మంచి ఆలోచనే. పిలిచేవాడు, కుర్చీలో కూర్చునేవాడు, చివరికి తేల్చేవాడు ఒక్కడే అయితే వచ్చినవాళ్ళు ఏం అడుగుతారు? "ఇబ్బందులేమన్నా ఉన్నాయా" అంటే "లేవు సార్" అంటారు.

యూరప్ వాళ్ళు జాతీయ మైనారిటీల కోసం రాసుకున్న ఒప్పందం 1998లో అమల్లోకి వచ్చింది. దాని 15వ అధికరణ, తమకి సంబంధించిన ప్రజావ్యవహారాల్లో మైనారిటీలు నిజంగా పాల్గొనే పరిస్థితులు కల్పించమంటుంది. 1999లో స్వీడన్‌లోని లుండ్ ఊళ్ళో నిపుణులు కూర్చొని అది ఎట్లా చేయాలో సూచనలు రాశారు. సలహా సంఘాలు తమంతట తామే విషయాలు ఎత్తగలగాలి, సిఫారసులు చేయగలగాలి, వాటికి నిధులుండాలి అని. ఇవేవీ మనకి వర్తించే చట్టాలు కావు. మైనారిటీ హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ప్రకటన మాత్రం అందరికీ. 1992 డిసెంబరు 18న, మన దగ్గర డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చిన పన్నెండు రోజులకి వచ్చింది. ఆ తేదీనే మనం మైనారిటీ హక్కుల దినం చేస్తాం. దానికి ఫ్లెక్సీ డిజైను చేసి ఇచ్చేది నేనే. ఏటా తేదీ మారుస్తాను, మిగతాది పాత ఫైలే.

విదేశాలెందుకు, మహారాష్ట్రలో భివండీ ఉంది. మగ్గాల ఊరు, మా ఆదోని లాగా పత్తితో బతికే జనం. 1984లో అక్కడ ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1988లో వచ్చిన పోలీసు అధికారి సురేశ్ ఖోపడే పెద్దమనుషుల కమిటీని నమ్ముకోకుండా వీధివీధికీ మామూలు జనంతో మొహల్లా కమిటీలు పెట్టించాడు. పండగ ఉన్నా లేకపోయినా కూర్చునేవాళ్ళు. చిన్న చిన్న తగాదాలు అక్కడే తేల్చుకునేవాళ్ళు. 1992-93లో పక్కనున్న బొంబాయి తగలబడుతుంటే భివండీ నిలబడింది. పండగ లేని నెలలో కూర్చోవడం అన్నదే నాకు అందులో నచ్చింది. పండగ ముందు కూర్చుంటే అందరికీ టెన్షన్, గడియారం చూసుకుంటూ మాట్లాడతారు. ఆషాఢంలోనో మాఘమాసంలోనో కూర్చుంటే ఖబరస్తాన్ కంచె సంగతి ఎత్తడానికి టైము ఉంటుంది.

ఇదంతా మసీదు కమిటీలో ఉండే ఒక పెద్దాయనతో అన్నాను. నేను చాచా అని పిలుస్తాను. శాంతి కమిటీ అంటే ఈయన లేకుండా జరగదు. టీ తాగుతూ మొత్తం విన్నాడు.

"బేటా, మినిట్స్ రాయాలంటావు. ఎవరు రాస్తారు?"

"ఆఫీసువాళ్ళే రాస్తారు కదా చాచా."

"ఏ ఆఫీసు? స్టేషను. నేను లేచి, ఫలానా వీధిలో మా పిల్లోళ్ళకి భయంగా ఉందంటాను. అది నా పేరు మీద స్టేషన్లో కాగితమై ఉంటుంది. రేపు ఆ వీధిలో ఏమన్నా అయితే మొదట ఎవర్ని పిలుస్తారు?"

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. పండగల ముందు కుర్రాళ్ళని బైండోవర్ చేయడం, అంటే శాంతిగా ఉంటామని బాండు రాయించుకోవడం, తెలిసిందే. పాత క్రిమినల్ చట్టం సీఆర్‌పీసీలో అది 107వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 126. ఆ బాండ్లు కొట్టడానికి నా షాపుకే వస్తారు, వాళ్ళ అమ్మలు బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంటారు. చాచా భయం ఊహ కాదు. ఆయన ఇన్నేళ్ళూ నోటిమాట మీదే పని నడిపాడు. సీఐ మారినా, ఎస్ఐ మారినా ఆయన ఫోన్ నంబరు మారలేదు. "కాగితం మీద పెడితే ఆ నమ్మకం పోతుంది, దారి సంగతి దారిది, పండగ సంగతి పండగది, రెండూ కలిపితే ఉన్నది కూడా చెడుతుంది" అని ఆయన వాదం.

నేను సగం ఒప్పుకున్నాను. రికార్డు పోలీసుల దగ్గర ఉండకూడదు. రెవెన్యూవాళ్ళ దగ్గర ఉండాలి, ఎవరన్నారన్నది కాకుండా ఏమన్నారన్నది రాయాలి. ఫలానా బడికి కన్నడ టీచరు లేడు, ఫలానా ఖబరస్తాన్ దారి మూసుకుపోయింది. దాని పక్కన ఏ శాఖకి పంపారు, ఎప్పటిలోగా జవాబు. తర్వాతి మీటింగు మొదలవ్వగానే ఆ పేజీ చదవాలి. టీచరుని వేసే అధికారం ఎస్ఐకి లేకపోవచ్చు, ఆ ముక్కని వేసేవాడికి పంపే అధికారం ఆ బల్లకి ఉండొచ్చు కదా. మిగతా సగం దగ్గర మాత్రం చాచాతో నాకు కుదరలేదు. నోటిమాట మీద నడిచే పని నోరున్నవాడికే నడుస్తుంది. చాచాకి నంబరుంది. ఆ పంచె కట్టుకున్న పెద్దాయన దగ్గర ఎవరి నంబరూ లేదు. మా దూదేకులవాళ్ళ దగ్గరా లేదు.

"నువ్వు రాసుకో పో, నీ పని రాయడమే కదా" అన్నాడు చివరికి, కోపంగా కాదు.

రాశాను. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు. మా డివిజన్‌లో గత మూడేళ్ళలో శాంతి కమిటీలు ఎప్పుడెప్పుడు కూర్చున్నాయి, సభ్యుల్ని ఏ ఉత్తర్వు ప్రకారం ఎంచుతారు, వాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమంది, కన్నడం మాట్లాడేవాళ్ళు, దూదేకులవాళ్ళు ఎంతమంది, మినిట్స్ ఉంటే వాటి నకళ్ళు. 15 సూత్రాల జిల్లా కమిటీకి కూడా అట్లాంటిదే ఇంకొకటి. రుసుం 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి కొట్టాం. కన్నడలో వేయలేకపోయాం. ఆ చట్టం 6వ సెక్షన్ ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాష వరకే ఒప్పుకుంటుంది. కన్నడ బడి సంగతి అందుకే మామూలు అర్జీగా, 350 పేరు చెప్పి, నుడిలో కొట్టి, పెద్దాయన వేలిముద్రతో సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాం. రసీదు తెలుగులో ఇచ్చారు. నంబరు ఉంది. వచ్చిన జవాబులు వచ్చినట్టు ఇక్కడ పెడతాను. మీ మండలంలో వేసుకోవాలనుకుంటే నమూనా అడగండి, పంపిస్తాను, దానికి టైపింగు చార్జీ తీసుకోను.